థాంబా అంటే ఖంబ కాదు

మా తమ్ముడికి బొగ్గుగనిలో కొలువు దొరికిన రోజే బాపు తేల్చి చెప్పాడు: "నువ్వు పాఠం జెప్తెనే వాడు లోపటికి దిగుతడు. లేకుంటే ఎవుసమే చేస్కోనీ." అప్పటికి నేను గనిలో సర్దారును, అంటే ఒక జట్టుకు పైవాడిని. కొత్తవాళ్ళకు భద్రత నేర్పే శిక్షకుడిని కావాలంటే మంచిర్యాల దగ్గరి గనిలో పరీక్ష నెగ్గాలి. అరవైల చివర ఆ పద్ధతి అప్పుడప్పుడే వస్తోంది.

కరీంనగర్‌లో పొద్దున మొదటి బస్సు ఎక్కితే పెద్దపల్లిలో ప్యాసింజరు అందుతుంది. పరీక్ష రోజు సుల్తానాబాద్ దగ్గర బస్సు వేడెక్కి ఆగిపోయింది. ఇంజన్‌లో నీళ్ళు పోస్తూ డ్రైవరు, "జర ఓపిక వట్టు పటేలా, గీ ఇంజన్‌కు గూడ దూప కాదా!" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. చివరికి కదులుతున్న రైలు ఎక్కాను. గోదావరి వంతెన వచ్చినా తలెత్తకుండా పాఠం వల్లె వేసుకుంటూనే ఉన్నాను. మీరు వెళ్తే మాత్రం కిటికీ పక్కన కూర్చోండి.

పరీక్షాధికారి నన్ను కొత్త కూలీలతో గనిలోకి దింపి, పాఠం చెప్పమన్నాడు. వాళ్ళలో రాజలింగుది హుస్నాబాద్, మారుతిది ఆసిఫాబాద్ అవతలి మరాఠీ ఊరు. పైకప్పును కర్రతో తట్టి చూడాలనీ, డొల్లగా మోగితే ముందు విన్నవాడు అందరినీ ఆపాలనీ చెప్పి, తట్టాను. నిజంగానే డొల్లగా మోగింది.

"థాంబా! థాంబా!" అని మారుతి అరిచాడు. మరాఠీలో ఆగమని. రాజలింగు మాత్రం ముందుకు ఉరికి, సరిగ్గా ఆ కప్పు కింద ఆసరాగా నిలిపిన మొద్దును వాటేసుకున్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చొక్కా పట్టి వెనక్కి గుంజాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. మొద్దు పక్కన బండ ఊడి పడింది.

"ఎందుకు ఉరికినవ్ రా?" అని అరిచాను.

"ఖంబ, ఖంబ అని మొత్తుకున్నడు గదనే! ఖంబ వట్టుకుంటె బతుకుత అనుకున్న," అన్నాడు రాజలింగు. మా వైపు ఖంబ అంటే స్తంభం.

అధికారి చెమట తుడుచుకుని, "మనిషిని కాపాడినవ్. పాసైనవ్ పో," అన్నాడు.

"పాఠం కాలే సార్," అన్నాను.

అందరినీ గట్టి కప్పు కిందికి తెచ్చి, ఆగమనడానికి మీ ఇంట్లో ఏమంటారని ఒక్కొక్కరినీ అడిగాను. థాంబా అన్నారు, ఠైరో అన్నారు, ఆగు అన్నారు. చివరికి 'ఆగు' ఒక్కటే ఖాయం చేసి అందరిచేతా అరిపించాను. మారుతి గొంతే గట్టిగా వినిపించింది.

తిరుగు రైల్లో గోదావరిని చూస్తుంటే ఏడుపొచ్చింది. నేను వల్లె వేసిన పాఠంలో కప్పు ఉంది, గాలి ఉంది, దీపం ఉంది. వినేవాడి భాష లేదు. అందుకే, కొత్త మనుషులతో ఏ ప్రమాదమైన పనికి దిగినా, ముందు 'ఆగు' అన్న మాట అందరికీ ఒకటే చేసుకోండి. నెల తిరిగాక మా తమ్ముడు గనికి వచ్చిన మొదటి రోజు వాడినీ అడిగాను, థాంబా అంటే ఏమిటని.

"ఖంబ గాదన్నా, ఆగుమని," అని నవ్వాడు.

నేను నవ్వలేదు. మళ్ళీ చెప్పమన్నాను.