క్లినిక్ కప్పుకు నా పూచీ

మస్కట్ వచ్చిన కొత్తలో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. అడిగితే పరువు పోతుందన్న భయం అంతటిది. ఘుబ్రాలో ఒక చిన్న భవన నిర్మాణ కంపెనీలో గుమాస్తాను (ఇంట్లో మాత్రం "కాంట్రాక్టులు చూస్తున్నా" అని చెప్పాను). మస్కట్‌కు రెండు గంటల దూరంలోని ఇబ్రా ఊళ్లో మేం కట్టిన క్లినిక్కును ఒక ఒమానీ డాక్టరమ్మ కొంది. దాని కప్పు కారకుండా తారు షీట్లు పరిచింది మా దగ్గర సబ్‌కాంట్రాక్టు చేసే జగిత్యాల పెద్దమనిషి. ఆయన్ను అందరం తారుమామ అనేవాళ్లం. పనికి ఆయనే నేరుగా తనకు హామీ రాసివ్వాలని, 'కొలాటరల్ వారంటీ' మీద సంతకం లేనిదే తాళాలు తీసుకోనని డాక్టరమ్మ పట్టుబట్టింది. మా మేనేజరు కడప సారు ఆ కాగితం నా చేతిలో పెట్టి ఇబ్రాకు తోలాడు.

తారుమామ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "నాకు పనిచ్చింది మీ కంపెనీ. ఆ డాక్టరమ్మకు నేనెందుకు రాసియ్యాలె?"

"అందుకే మామా ఇది. రేపు కప్పు కారితే మా కంపెనీ ఉన్నా లేకపోయినా ఆవిడ మిమ్మల్నే అడగొచ్చు," అని సారు చెప్పింది అప్పజెప్పాను.

"అంటే లగ్గం మీతోని, కాపురం ఆమెతోనా?" అని కాగితం నా ముందుకు తోసి, "సరే, ముందుగాల నువ్వు చెయ్ సంతకం. నాకు ధైర్యమైతది," అన్నాడు. సాక్షిగా ఎలాగూ చేయాలి కదా అని, ఖాళీ కనబడ్డ చోట దర్జాగా గీకాను. మిగిలిన గీత మీద ఆయన చేశాడు.

మర్నాడు కడప సారు కాగితాన్ని చాలాసేపు చూశాడు. "ఏమప్పా, హామీ ఇచ్చేవాడి చోట నీ సంతకముందే! తారుమామేమో సాక్షి. పదేండ్లలో ఎప్పుడు ఆ కప్పు కారినా నీదే పూచీ పో!" ముఖంలో నవ్వన్నది లేదు.

ఒమానులో మబ్బు పడితే జనం సంబరపడతారు. నేను మాత్రం ఆ వారమంతా మస్కట్‌లోనే దార్సైట్‌లో ఉన్న కృష్ణుడి గుడికి పోయి, ఇబ్రాను వదిలేసి ఎక్కడైనా కురిపించు స్వామీ అని మొక్కుకున్నాను. గురువారం పొద్దున్నే వాట్సాప్‌లో ఇబ్రా వాన వీడియో వచ్చింది. డ్యూటీ ఎగ్గొట్టి టాక్సీలో వెళ్లి, అప్పుడే రోగులు రావడం మొదలైన క్లినిక్కులో గది గదికీ తిరిగి గోడలు తడమడం మొదలుపెట్టాను. (ఒక ముసలాయన తన నాడి కూడా చూడమని చెయ్యి చాపాడు.)

"ఏం వెతుకుతున్నావు?" అని హిందీలో అడిగింది డాక్టరమ్మ.

"మేడమ్, ఈ కప్పు నా పూచీ," అన్నాను.

విషయం విని ఆవిడ పడీపడీ నవ్వింది. సొరుగులోంచి కాగితం తీసి చూపింది. హామీదారు చోట తారుమామ సంతకం! కడప సారు నాలుగు రోజుల కిందటే కొత్తది రాయించి ఇచ్చాడట. నాకు మాత్రం చెప్పలేదు. అంతలో తారుమామే తడిసిన ప్యాంటుతో మేడ దిగి వచ్చాడు. "సుక్క దిగలే. కాయితం ఎట్లనన్న ఉండనీ, చేసింది నేను గద, సూసుకోకుంటే ఎట్ల?"

ఇప్పుడు అలాంటి కాగితాలు ఎన్నో నా చేతిమీదుగా పోతుంటాయి. ఏ కప్పు కారితే బాధ్యత ఎవరిదో కుర్చీలోంచే చెప్పేస్తాను. మెట్లెక్కి చూసి మాత్రం చాలా ఏళ్లయింది. గోడలు తడుముతూ తిరిగిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. వాడంటే కాస్త గౌరవం కూడా.