లాంతరు చేప వేషం

కాల్గరీలో మా తెలుగువాళ్ల ఉగాదికి పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీ లేకపోతే ఎవరికీ అన్నం సహించదు. పోయినేడు మా అమ్మాయికి మహారాణి వేషం వేశాను. కిరీటం, వడ్డాణం, బట్టీ పట్టించిన డైలాగు, అన్నీ అమిరాయి. స్టేజీ ఎక్కి జనాన్ని చూడగానే నోరు పెగలక, ఏడుస్తూ దిగిపోయింది. ఈసారైనా అది అందరి ముందూ నాలుగు తెలుగు మాటలు మాట్లాడాలని నా పంతం.

"అయామ్ గోయింగ్ యాజ్ ఎ లాంటర్న్ ఫిష్," అంది ఎనిమిదేళ్ల మహాతల్లి.

నాకు ఒళ్లు మండింది. రాజులూ దేవుళ్లూ దిగే చోట వేలెడంత చేపా? అది లైబ్రరీ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసింది. సముద్రం లోతుల్లో, చీకట్లో బతికే చిన్న చేపల కుటుంబమట. ఒంటి మీద చుక్కల్లా దీపాలు. ఏ రకానికి ఆ రకం చుక్కల వరస వేరు, తమవాళ్లను బహుశా దాన్నిబట్టే పోల్చుకుంటాయట. ఇంటిపేరూ ఊరూ అడిగి చుట్టరికం తేల్చేదాకా వదలని మావాళ్లకంటే నయమే అనుకున్నాను.

క్రిస్మస్ చెట్టుకు చుట్టే నీలి బ్యాటరీ లైట్లు తీసి, నల్ల హుడీకి వీపునా నెత్తినా కుట్టబోయాను. జడ్జీలకు కనబడాలి కదా.

"నో అమ్మా, పొట్ట మీద! దే గ్లో సో నోబడీ సీస్ దెమ్."

కింద నుంచి చూసే పెద్ద చేపకు, పైనుంచి పడే వెలుతురులో ఆ పొట్ట కలిసిపోతుందట. కనబడకుండా ఉండడానికి దీపాలేమిటో! అయినా దాని ముఖం చూశాక వాదించబుద్ధి కాలేదు. పొట్టకే కుట్టాను.

పోటీ రోజు బయట మంచు, కిటికీల్లేని బేస్‌మెంట్ హాల్లో పులిహోర వాసన. తన వంతు రాగానే అది వాళ్ల నాన్న చెవిలో ఏదో చెప్పింది. ఆయన వెళ్లి లైట్లన్నీ ఆర్పేశారు. స్టేజీ మీద నీలి చుక్కలు తప్ప మనిషి కనబడలేదు.

"నేను లాంతరు చేపని," అంది చీకట్లోంచి సన్నని గొంతు. "మాది చాలా పెద్ద ఫ్యామిలీ. పగలు కింద దాక్కుంటాం. రాత్రి అన్నం తినడానికి పైకి వస్తాం."

ఒక్కటీ నేను నేర్పిన మాట కాదు. నా బంగారుతల్లి! కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

వీడియో తీస్తున్న ఒక అంకుల్ విసుక్కున్నారు. "పాప అస్సలు కనపడట్లేదమ్మా, లైట్లేస్తానుండండి," అంటూ స్విచ్చుల వైపు నడిచారు.

దాన్ని అందరికీ చూపించాలని ఏడాదిగా తాపత్రయపడ్డ నేనే ఆయనకంటే ముందు పరిగెత్తాను.

"వద్దంకుల్, వెయ్యకండి!" అని స్విచ్చులకు అడ్డంగా నిలబడ్డాను. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది.