అయిదు మీటర్ల అవతల

మా బావ తీసిన కొంగ ఫొటోను ఒకసారి పత్రికవాళ్లు వేరొకడి పేరుతో వేసుకున్నారు. అడగడానికి వెళ్తే, "అంత దూరం నుంచి తియ్యడానికి నీ దగ్గర లెన్సేదయ్యా?" అని నవ్వి పంపించారు. ఆ మాట పట్టుకుని ఈయన స్కూటర్ అమ్మేసి మూరెడు పొడుగు లెన్సు కొన్నాడు. అప్పట్నుంచి అక్క ఆఫీసుకు నడిచే వెళ్తోంది. లెన్సు మాత్రం వాళ్ల పాప పాత దుప్పటి చుట్టుకుని మంచం మీద పడుకుంటోంది. దాన్ని మోసి మోసి బావ కుడిభుజం కిందికి జారిపోయింది. చెరువు అవతల కూర్చున్న పిట్ట కంటి చుట్టూ ఉన్న గీత కూడా అందులో కనిపిస్తుంది. నిజమే, నేనూ చూసి నోరు తెరిచాను. కానీ అయిదు మీటర్లలోపు ఏది ఉన్నా దానికి మసకే.

పోయిన ఏడాది బడి పరుగుపందెంలో పాప మొదట వచ్చింది. కప్పు పట్టుకుని "నాన్నా!" అంటూ ఆయన దగ్గరికి పరిగెత్తింది. ఈయన కెమెరా మీంచి కన్ను తియ్యకుండా వెనక్కి నడుస్తూ, "రాకు, రాకు, అక్కడే ఆగు!" అని అరిచాడు. పాప ఆగిపోయింది. "అది కింద పడేసి పిల్లనెత్తుకోవయ్యా మహానుభావా!" అని అక్క నెత్తి కొట్టుకుంది. ఆయనకు వినబడితే కదా!

మొన్న కలిసినప్పుడు పాప ఫొటోలు చూపించాడు. వీధి చివర, మేడ మీద, గేటు అవతల, అన్నిట్లోనూ పాప ఒక్కతే.

"ఎంత స్పష్టంగా వచ్చిందో చూడరా," అన్నాడు సంబరంగా. "ఇప్పుడు చెప్పే పనే లేదు. నన్ను చూడగానే తనే దూరంగా ఆగిపోతోంది."