చెవిటి చెవికి పెట్టుకున్న హెడ్‌సెట్

దయ్యాలున్నాయని నాతో వాదించి గెలిచినవాడు పెద్దాపురంలో లేడు. శ్మశానం పక్కన మైకు కట్టాను. పాడుబడ్డ మేడలో స్పీకర్ల మధ్య పడుకున్నాను. గాలి, ఎలుక, వదులైన వైరు, వీటిని మించిన భూతం నాకెక్కడా తగల్లేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం వాటిలో దేని కిందకీ రావడం లేదు. అందుకే రాస్తున్నాను. భక్తి పుట్టుకొచ్చి కాదు.

నేను చదివింది ఐదో తరగతి. రేడియోలు విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి శబ్దం సంగతి నేర్చుకున్నాను. దానియేలూ నేనూ కలిసి మైక్ సెట్లు అద్దెకిచ్చే షాపు నడిపాం. అతను లూథరన్ చర్చిలో పాటలు పాడించేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా జీవితమంతా "బావా" అనే పిలుచుకున్నాం.

మరిడమ్మ జాతరకైనా, క్రిస్మస్ కూడికకైనా మా పరీక్ష ఒకటే. అతను మైకు దగ్గర మాట్లాడుతూ ఉండేవాడు. మాట స్పష్టంగా అందినంత దూరం నేను నడిచి, అక్కడినుంచి తువ్వాలు ఊపేవాణ్ణి. కాస్త ఆలస్యమైతే ఊరంతా వినేలా తిట్టేవాడు. "ఏంటి బావా, నడుస్తున్నావా, పెళ్ళికెళ్తున్నావా?"

నాలుగేళ్ళ క్రితం పోయాడు. అంతకుముందే నా ఎడమ చెవి పోయింది. నరం చచ్చిపోయిందని, మిషను పెట్టినా లాభం లేదని కాకినాడలో డాక్టరు చెప్పాడు. నమ్మక ఇంకో ఇద్దరిని అడిగాను. వాళ్ళూ అదే పాట.

మొన్న వేసవిలో నా మనవరాలు సింధు ఖరీదైన గేమింగ్ హెడ్‌సెట్ తెప్పించింది. ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం. తీరిక దొరికితే స్నేహితులతో జట్టుగా ఆట. ఆ ఆటలో శత్రువు కనపడకముందే వాడి అడుగుల చప్పుడు వినాలి. ఎటునుంచి వస్తున్నాడో చెవే చెప్పాలి. పోయినసారి పాత హెడ్‌సెట్‌లో అది తెలియక, తనవల్లే జట్టు ఓడిపోయిందట. ఆదివారం మళ్ళీ పోటీ. ఈసారీ పొరబడితే జట్టులోంచి తీసేస్తారని బెంగ పెట్టుకుంది. కొన్నది నచ్చకపోతే వెనక్కిచ్చే గడువు ఆ సాయంత్రంతో ఆఖరు.

"తాతయ్యా, నువ్వు విని చెప్పు. నెట్‌లో అందరూ బాగుందనే అంటున్నారు."

"ఎవరే ఆ అందరూ? ఉచితంగా పుచ్చుకుని పొగిడేవాళ్ళా?"

అట్టపెట్టె మీద రాతలు చూస్తే ఒళ్ళు మండింది. సినిమా హాలు లాంటి శబ్దమట! సినిమా హాల్లో శబ్దం బాగుంటుందని వీళ్ళకెవడు చెప్పాడు?

ముందు అలవాటుకొద్దీ పొరపాటు చేశాను. దాన్ని వరండాలో మేకుకి తగిలించి, శబ్దం పూర్తిగా పెట్టించి, వీధి వైపు నడిచాను. గేటు దాటకుండానే మాయమైపోయింది. "ఇదేం సరుకే, గుమ్మం కూడా దాటట్లేదు!" అని అరిచాను. సింధు పొట్ట పట్టుకుని నవ్వింది. "అది చెవికి పెట్టుకునేది తాతయ్యా, జాతరకి కట్టేది కాదు!"

తర్వాత పద్ధతిగా చూశాను. చెవులకి ఆనే డిప్పలు రెండింటినీ, ఒకసారి సరిగా, ఒకసారి తిరగేసి, నా మంచి చెవికే పెట్టుకుని విన్నాను. గచ్చు మీద అడుగు వేరు, గడ్డి మీద అడుగు వేరు, చక్కగా తెలిసింది. రెండు పక్కలా అంతే. కింది శబ్దం, బాస్ అంటారే, అది కాస్త ఉబ్బింది గానీ ఉంచుకోవచ్చు అన్నాను. పిల్ల ముఖం విప్పారింది. ల్యాప్‌టాప్ కట్టేసి టీ పెట్టడానికి వెళ్ళింది.

హెడ్‌సెట్ ఇంకా నా తల మీదే ఉంది, ఎడమది ఎడమకి, కుడిది కుడికి. దాని చిన్న లైటు ఆరిపోయి ఉంది. పట్టపగలు. అప్పుడు ఎడమ చెవిలో, ఆ చచ్చిన చెవిలో, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"బావా, తొందరపడకు. పెద్దగా పెట్టి విను. ఇటుపక్క గరగర ఉంది."

భయం వేయలేదు. కోపం వచ్చింది. బతికున్నన్నాళ్ళూ అంతే, నేను బాగుందన్నాకే వంక పెట్టేవాడు. "ఏదీ, ఎక్కడ?" అని పైకే అనేశాను. నా చెయ్యి అప్పటికే భుజం మీది తువ్వాలు తీసి ఊపుతోంది.

టీ గ్లాసులతో వచ్చిన సింధు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరికి తాతయ్యా?"

ఎడమ డిప్పని మంచి చెవికి పెట్టుకుని, శబ్దం పూర్తిగా పెంచమన్నాను. తుపాకీ పేలినప్పుడల్లా ఒక గరగర లేచి, వెనకాలే వచ్చే అడుగుల చప్పుడుని మింగేసింది. కుడిపక్క అది లేదు. సింధు తనూ విని, వెనక్కి పంపడానికి దాన్ని పెట్టెలో సర్దేసింది.

శనివారం వేరేది వచ్చింది. ఆదివారం వాళ్ళు గెలవలేదు, రెండో స్థానంలో వచ్చారు. కానీ ఎడమనుంచి పొంచి వచ్చినవాణ్ణి మా పిల్ల ముందే పసిగట్టిందని జట్టంతా మెచ్చుకుంది. ఆమె చోటు ఆమెకే ఉంది.

కారణాల కోసం వెతకని చోటు లేదు. కుడిచెవి విన్నది ఎడమచెవిదని భ్రమపడ్డానా? ఆఫ్ చేసిన సెట్‌లో కుడిచెవి మాత్రం ఏం వింటుంది? నా మెదడే ముందుగా ఆ గరగర పట్టుకుని, దానియేలు గొంతు అరువు తెచ్చుకుందని, తర్వాత జరిగింది చెబితే సింధు అంది. తెలివైన మాటే. మరి గొంతు సవరించుకున్నదెవరు? మెదడుకి కఫం ఉంటుందా?

నాకు తెలియదు. ఆ మాట రాయడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు.

కొత్త హెడ్‌సెట్‌ని అప్పుడప్పుడూ అడిగి తీసుకుంటాను. ఆన్ చేయను. ఊరికే పెట్టుకుని, ఎడమకి కాస్త తల వంచి కూర్చుంటాను. ఇంతవరకూ ఒక్క మాట లేదు. సింధు టీవీ కట్టేసి, చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది.