చిన్న రంపం తప్పేమీ లేదు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసు, అబిడ్స్‌లో మిషన్ల దుకాణంలో సేల్స్‌మన్ ఉద్యోగం, చేతిలో రంగురంగుల కేటలాగు. ఈ మూడూ ఒకేచోట చేరితే ఇక మనిషికి నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఇప్పుడు యాభై దాటాక, తెలియనివాటి పట్టిక రోజూ ఒక గీత పెరుగుతోంది. అయితే ఒక్క సంగతి మాత్రం నాకు రూఢిగా తెలుసు. ఆనాడు నాంపల్లి కట్టెల అడితిలో, పదిమంది ఎదుట, చిన్న రంపం మిషను పరువు పోయిందంటే దానికి కారణం మిస్త్రీ మామ కాదు, నేను. ఈ మాట ఇదివరకు చాలామందికి చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. అందుకే ఈసారి కాగితం మీద పెడుతున్నాను. కాగితమైతే మధ్యలో అడ్డు తగలదు, "పోనీలే బిడ్డా, నీది పెద్ద మనసు" అని భుజం తట్టదు.

మా దుకాణం అబిడ్స్ పెద్ద రోడ్డు మీద కాదు, గన్‌ఫౌండ్రీ వైపు పోయే సందులో ఉండేది. నీళ్ల మోటార్లు, మందు కొట్టే పంపులు, వాటితోపాటు అద్దాల అల్మరాలో రెండు పెట్రోలు రంపాలు. ఒకటి చిన్నది, చంకలో పెట్టుకుని పోవచ్చు. రెండోది పెద్దది, చైను తిరిగే దాని ఇనప పట్టీయే నా కాలంత పొడుగు. యజమానిని అందరూ సేటు అనేవారు. తాతల నాటి నుంచి సుల్తాన్ బజార్‌లో వ్యాపారం చేసిన కుటుంబం వాళ్లది. ఇక మిస్త్రీ మామ. ముప్పై ఏళ్లుగా అక్కడే పని. మిషను విప్పకముందే దాని చప్పుడు విని ఏం జబ్బో చెప్పేవాడు. సేటు కూడా ఆయన మాటకు ఎదురు చెప్పేవాడు కాదు. నేను మాత్రం చెప్పేవాణ్ణి. మాది కోస్తా నుంచి వచ్చి హిమాయత్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబం. పుట్టినప్పటి నుంచి ఇంట్లో గ్యాసు పొయ్యే. కట్టె అంటే నాకు తెలిసింది అగరుబత్తి పుల్ల. అయినా కేటలాగు మొత్తం కంఠతా వచ్చు గనుక రంపాల మీద సర్వాధికారినని నా నమ్మకం. (దుకాణంలో నా పేరే 'కేటలాగు' అయిపోయింది. అది వెక్కిరింత అని తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.)

ఒకరోజు నాంపల్లి నుంచి కట్టెలక్క వచ్చింది. స్టేషను వెనక సందులో ఆమెకు కట్టెల అడితి ఉండేది. పెళ్లి వంటలకు, హోటళ్ల పొయ్యిలకు ఆమే కట్టె పంపేది. గొడ్డళ్లతో పని తెమలడం లేదు, రంపం మిషను కావాలంది. నడిపేది ఆమె భర్త. బక్కపల్చటి మనిషి, ఆమె వెనకే నిలబడి అన్నిటికీ తల ఊపుతున్నాడు. నేను వెంటనే పెద్దదాన్ని బల్ల మీదికి ఎత్తాను (ఎత్తలేక సగంలో మోకాలి సాయం తీసుకున్నాను, అది ఎవరూ చూడలేదనుకున్నాను). ఇంజను ఎంత పెద్దదో, నిమిషానికి చైను ఎన్ని చుట్లు తిరుగుతుందో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. పెద్దది చిన్న కట్టెనూ కోస్తుంది, పెద్ద మానునూ కోస్తుంది, చిన్నది అలా కాదు కదండీ అని తర్కం తీశాను.

మిస్త్రీ మామ లోపలి నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అక్కను ఆయన అడిగినవి రెండే. ఆమె దగ్గరికి వచ్చే మొద్దులు ఎంత లావుంటాయి, రోజుకు ఎన్ని గంటల పని. తొడంత లావు, పొద్దంతా పని అని ఆమె చెప్పింది.

"గట్లయితె చిన్నదే తీస్కో అక్కా. మొద్దును జూసి మిషన్ కొనాలె గని, మిషన్‌ను జూసి మొద్దు తెచ్చుకుంటమా? పెద్దది ఒక్క మొద్దు జల్ది కోస్తది. పదో మొద్దుకు మీ ఆయన రెక్కలు వడిపోతయ్. చిన్నదైతె పొద్దుమీకేదాంక చేతుల ఉంటది."

ఇంత తేలిక మాటకు నా కేటలాగులో జవాబు లేదు. అందుకే నాకు పౌరుషం వచ్చింది. రెండూ అడితికి తెస్తాం, మీ మొద్దుల మీదే కోసి చూపిస్తాం, మీరే తేల్చండి అన్నాను. అక్కకు ఆ మాట నచ్చింది. సేటుకు ఇంకా నచ్చింది. మిస్త్రీ మామ ఒక్కడే జర నవ్వి, ఆ సాయంత్రమే రెంటికీ చైన్లు బిగించి, బిగువు చూసి, పక్కన పెట్టాడు.

ఇక్కడి నుంచి నేరం నాది. మర్నాడు పొద్దున అందరికంటే ముందు దుకాణానికి వెళ్లాను. పందెం పెద్దదాని మీద కట్టినా, చిన్నదీ దుకాణం సరుకే కదా, తళతళలాడాలి అనిపించింది. (మోసం చేద్దామన్న ఆలోచన లేదు. మోసానికి తెలివి కావాలి.) చిన్నదాని చైను విప్పి, కిరోసిన్‌లో కడిగి, బ్రష్షుతో తోమి, గుడ్డతో తుడిచి మళ్లీ వేశాను. చైను పూలదండ లాంటిది, ఎటు తిప్పి వేసినా పట్టీ మీద బుద్ధిగా కూర్చుంటుంది. పళ్ల పదును మాత్రం పైవైపున పట్టీ కొసను చూస్తూ ఉండాలి. వెనక్కి చూస్తే అది కోయదు, ఊరికే రుద్దుతుంది. ఈ సంగతి కేటలాగులో లేదు. అందుచేత నా బుర్రలోనూ లేదు.

అడితిలో జనం బాగానే పోగయ్యారు. కట్టె కొట్టేవాళ్లు గొడ్డళ్లు దించి చుట్టూ నిలబడ్డారు. సేటు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మిస్త్రీ మామ చిన్నదాన్ని ఒక్క లాగుతో స్టార్టు చేసి చింత మొద్దు మీద ఆనించాడు. చప్పుడు బ్రహ్మాండంగా ఉంది. పొట్టు మాత్రం రాలడం లేదు. కాసేపటికి నల్లటి గీత పడింది, ఆ గీతలోంచి పొగ లేచింది. ఇంకాస్త నొక్కితే ఇంకాస్త పొగ. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మిస్త్రీ, కట్టె పొయ్యిలకు పోకముందే కాలుతున్నది గద" అంది. అడితంతా ఘొల్లుమంది. ఆయన దాన్ని ఆపి, పెద్దదాన్ని అందుకున్నాడు. అది కత్తి పెరుగులో దిగినట్టు దిగింది. పొట్టు సేటు చొక్కా దాకా ఎగిరింది. జనం చప్పట్లు కొట్టారు. నేనే కోసినట్టు నడుం వంచి అందుకున్నాను.

మిస్త్రీ మామ నవ్వలేదు. చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని, పళ్ల మీద వేలు పెట్టి చూశాడు. ముఖంలో రంగు మారింది.

"చైన్ ఉల్టా ఉన్నది" అన్నాడు మెల్లగా. "నిన్న నేనే వేసిన. నా తప్పే అక్కా. కండ్లు కనిపిస్తలెవ్వు గావచ్చు."

నేను పొద్దున చేసింది అప్పుడు నాకు అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. సేటు నావైపు చూశాడు, గొడ్డళ్ల వాళ్లు చూశారు. ఆ తెరిచిన నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పర్వాలేదులే మామా, ఒక్కోసారి అలా జరుగుతుంటుంది." అవును, ఆయన్ను ఓదార్చాను. నా జీవితంలో సిగ్గుపడాల్సినవి ఇంకా ఉన్నాయి గానీ, వాటిలో దేన్నీ ఇంత మర్యాదగా చేయలేదు.

ఆయన చైను తిప్పి వేసి మళ్లీ కోశాడు. చిన్నది చక్కగా కోసింది, పెద్దదానికంటే కాస్త ఆలస్యంగా, అంతే. కానీ అక్క మనసు అప్పటికే తిరిగిపోయింది. ముప్పై ఏళ్ల మిస్త్రీకే ఉల్టా సీదా తెలియకపోతే, అది మా ఆయన చేతిలో పడితే ఏం కాను అని ఆమె లెక్క. మొదటి దెబ్బకే కోసిన పెద్దదాన్నే తీసుకుంది. నెల తిరక్కుండానే దాన్ని రిక్షాలో వేసుకొచ్చింది. భర్త భుజానికి పసుపు కట్టు. "ఈయన మిషన్‌ను వట్టుకుంటలేడు, మిషనే ఈయనను వట్టుకుంటున్నది. చిన్నది ఇయ్యుండ్రి" అంది. అలా చిన్న రంపం గెలిచింది. మిస్త్రీ మామ గెలవలేదు. ఆ నెల రోజుల్లోనే ఆయన కళ్లజోడు చేయించుకున్నాడు. చూపులో దోషం పెద్దగా లేదని డాక్టరు చెప్పినా వినలేదట. వేసిన ప్రతి చైనూ విప్పి మళ్లీ వేసేవాడు, ఆపైన పక్కవాణ్ణి పిలిచి చూడమనేవాడు. చప్పుడు వింటే చాలనే మనిషి, తన చేతులనే నమ్మడం మానేశాడు.

చూడలేకపోయాను. అక్క మిషను మార్చుకున్న రోజునే, సేటు ముందు, అక్క ముందు, మామ ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఉద్యోగం పోతుందని ముందే మనసు రాయి చేసుకున్నాను. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి నన్ను కౌగలించుకున్నాడు. "శభాష్. పెద్దోళ్ల ఇజ్జత్ కాపాడేటోడు ఈ కాలంల యాడ దొరుకుతడు?" అన్నాడు. మామ తప్పు నేను నెత్తిన వేసుకుంటున్నానని ఆయన నమ్మకం. నిజమేనండీ, నేనే విప్పానండీ అని మళ్లీ చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత గొప్పవాణ్ణి అవుతున్నాను. కిరోసిన్ సంగతి చెబితే అక్క కళ్లు తుడుచుకుంది. చివరికి మిఠాయి తెప్పించారు. (తిన్నాను. అదీ ఒప్పుకోవాలి.)

రెండేళ్లకు ఆ ఉద్యోగం మానేసి గన్‌ఫౌండ్రీలోనే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. రంపం మళ్లీ ముట్టుకోలేదు. మామ కనిపించినప్పుడల్లా చెబుతూనే ఉన్నాను, ఆయన నవ్వి తీసేస్తూనే ఉన్నాడు. పోయిన నెల సుల్తాన్ బజార్‌లో ఎదురయ్యాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు. పక్కనున్న అల్లుడికి నన్ను చూపించి, "నా తప్పు మీదేసుకున్న పిల్లగాడు ఈయననే" అని పరిచయం చేశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇక ఊరుకోకూడదని ఆదివారం పొద్దున్నే నాంపల్లిలో ఆయన ఇంటికి వెళ్లాను.

వరండాలో ఇప్పటికీ ఒకటీ అరా మిషన్లు బాగుచేస్తుంటాడు. ఒక చిన్న రంపానికి చైను వేసి, "ఏమే, ఒకపారి జూడు" అని లోపలికి కేకేశాడు. ఆయన భార్య అత్తమ్మ చపాతీ పిండి చేతులతో వచ్చి, వంగి చూసి, మంచిగనే ఉంది అని వెళ్లిపోయింది. రంపం గురించి ఆమెకు నాకంటే ఎక్కువ తెలియదు. ఇన్నేళ్లుగా ప్రతి చైనుకూ ఆమె ఇలా వచ్చి చూసిపోతోందట. నేను ఆయన ముందు నేల మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చెప్పాను. దేవుడి మీద ఒట్టు వేశాను. ఆయన విన్నాడు. తర్వాత ఆ వేసిన చైను విప్పి, గుడ్డ మీద పడేసి, మిషను నా ముందుకు తోశాడు.

"నువ్వే విప్పి వేసినవు గద. ఏదీ, ఎట్ల వేసినవో వెయ్యి."

ఆనాటి తప్పును నటించి చూపాలని నేను అనుకోలేదు. పైగా, ఇప్పుడైనా సరిగ్గా వేసి ఆయన మెప్పు పొందాలనే అనుకున్నాను. చైను దండలా ఎత్తాను, పట్టీ మీద కూర్చోబెట్టాను, మూత పెట్టాను, బిగించాను. ముచ్చటగా ఉంది. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, పళ్ల మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంది.

"ఉల్టా" అన్నాడు.

తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా, దగ్గు వచ్చేలా. "ఔ బిడ్డా, నువ్వే. నువ్వే వేసినవు. ఇంక నేర్వలేదు గద" అన్నాడు. ఆ తిట్టు కోసం నేను ముప్పై ఏళ్లు తిరిగాను. ఆయన చైను తీసి, ఒక్క క్షణంలో సీదాగా వేసి బిగించాడు. అలవాటుకొద్దీ అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. "నువ్వు పో, జూసేదేం లేదు" అన్నాడు మామ. ఆమె ఆయన వైపు చూసింది, నావైపు చూసింది, లోపలికి వెళ్లి మూడు కప్పుల చాయ్ పెట్టుకొచ్చింది.

బస్సులో తిరిగి వస్తుంటే, కేటలాగు చంకన పెట్టుకుని అబిడ్స్‌లో ఠీవిగా నడిచిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లూ వాణ్ణి దొరికితే చెంప పగలగొడదామనుకున్నాను. ఇప్పుడు ఆ కోపం లేదు. వాడికి పని రాదు, అంతే. నాకూ రాలేదు.