నేల మంచిదేనన్నారు

డెబ్బైల్లో తిరువూరులో జీపు తోలేవాణ్ణి. ఐదో తరగతిలోనే నా పీడ వదిలి బడి సుఖపడింది. అలాంటి నాకు మట్టిని కొలిచే సారు తగిలాడు. ఏ నేలలోనైనా పుట్టుకతో వచ్చిన రేడియేషన్ కాస్త ఉంటుందట. ఎక్కడ ఎంతుందో మ్యాపులో గుర్తు పెట్టడం ఆయన పని. దాన్ని కొలిచే పెట్టె ఒకటి ఆయన దగ్గరుండేది, నేల మీద దించితే టిక్కు టిక్కుమనేది. "నేలకి పంటినొప్పా సార్?" అనేవాణ్ణి. ఆయన నవ్వితే లెక్క తప్పేది, మళ్లీ మొదలెట్టేవాడు.

ఒకసారి వినగడపలో మిరపచేలో దిగాం. రైతు నన్ను పక్కకి పిలిచాడు. ముగ్గురు బిడ్డలు పుట్టినట్టే పుట్టి పోయారట. తప్పు కోడలిదేనని వాళ్లమ్మ తేల్చేసింది. ఆమెని పుట్టింటికి పంపేసి కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తానంటోంది. "దోషం నేలలో ఉందని ఈ పెట్టె చెబితే చాలు సాయిబూ. పొలం అమ్మేసి మేమిద్దరం ఎటైనా పోతాం," అన్నాడు.

తన నేల చెడ్డదైతే బాగుండునని కోరుకున్న రైతుని అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ముసలామె గట్టు మీద కూర్చుని చూస్తోంది. కాయ కోస్తున్న కోడలు చెయ్యి ఆపింది. సారు చేలో ఎక్కడ పెట్టె దించినా అదే మామూలు చప్పుడు.

"ఆ మూల కూడా చూడండి సార్," అన్నాడు రైతు.

పసిబిడ్డల్ని కాల్చరు కదా, సొంత చేలోనే పూడుస్తారు. ఆ మూలన మూడు రాళ్లున్నాయి. సారు చెప్పులు విప్పి వెళ్లి పెట్టె దించాడు. చాలాసేపు విన్నాడు. అక్కడా అంతే.

"మీ నేల మంచిదేనండి," అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఆ మాటకి కాఫీ ఇచ్చేవాళ్లు. ఇతను ఆ రాళ్ల దగ్గరే చతికిలబడ్డాడు.

ముసలామె లేచింది. "విన్నావా నాయనా? నేల మంచిదేనంట."

బిడ్డలు పోవడానికి సవాలక్ష కారణాలుంటాయని, ఈ పెట్టెకి అవేవీ తెలియవని సారు చెప్పబోయాడు. ఆమె అప్పటికే గట్టు దిగిపోయింది.

మేం సామాను సర్దుకునేలోగా కోడలు మూటతో వచ్చింది. పుట్టిల్లు నెమలి అనే ఊళ్లోనట, అక్కడ దించమంది. మొగుడు వచ్చి జీపు కడ్డీ పట్టుకున్నాడు. బండి కదిలేదాకా వదల్లేదు.

పెట్టె ఒళ్లో పెట్టుకుని సారు ఆమెకి చోటిచ్చాడు. దిగేముందు ఆమె అడిగింది.

"మా నాన్న చేలో పెట్టినా ఈ పెట్టె ఇలాగే అంటుందా సార్?"

"ఎక్కడైనా ఇంతేనమ్మా. కాస్త అటూ ఇటూ."

ఆమె తలూపి మూట నెత్తికెత్తుకుంది.