బ్యాండు తాత చెప్పిన సాకు

నా చిన్నప్పుడు నాకు పుట్టుకతో వచ్చిన వాయిద్యం ఒకటే, ఏడుపు. దాన్ని మూడు కాలాల్లోనూ వాయించేవాణ్ణని మా అవ్వ చెప్పేది. మిగతావన్నీ తర్వాత వచ్చినాయి. డ్రమ్ము, తాళాలు, హార్మోనియం, క్లారినెట్టు అన్నీ వాయిస్తానని ఊర్లో నాకు పేరుంది గానీ, నిజం చెప్పాలంటే ఈ రోజుకీ వాటన్నిటికంటే ఆ మొదటిదే శుద్ధంగా పలుకుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మనవరాలు పాటలు కడుతుంది. గిటారు, కీబోర్డు, ఫ్లూటు అన్నీ తానే వాయించి, తానే పాడి ఫోన్లో పెడుతుంది. మొన్న ఎవరో ఆ పిల్లను నీ గురువులెవరని అడిగితే పెద్ద పెద్ద పేర్లు చెప్పి, చివర్లో "మా తాత" అనిందంట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. గురువుకు గురువెవరో కూడా లోకానికి తెలియాలి కదా అని రాయడానికి కూర్చున్నాను.

మాది ధర్మవరం. మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆరో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాము. బడికి పోకపోవడానికి నేను చెప్పిన సాకు కడుపునొప్పి. ఇంక పంపించొద్దని చెప్పడానికి అయ్యవారికి దొరికిన సాకు నేను. దాంతో మా నాయన నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. పోగును మోసుకుపోయే నాడెను ఆయన అటు నుంచి విసిరితే, చీర అంచు పక్కన కూర్చున్న నేను ఇటు నుంచి తిరిగి విసరాలి. అంతే పని.

నా మొదటి గురువు ఆ మగ్గమే. అది టకటకమంటా ఉంటే నా చేయి ఊరుకునేది కాదు. రెండు దెబ్బల మధ్య ఇంకో దెబ్బ దూర్చేవాణ్ణి. దానికి తగ్గట్టు ఒక పాట కట్టేవాణ్ణి, ఎక్కువగా పక్క మగ్గం ఆయన బట్టతల మీద. పాట బాగా కుదిరేది, పోగు పుటుక్కున తెగేది. "మగ్గానికి ఒగటే తాళం రా! నీ సంగీతానికి నా అంచు బలైపోతాండాది" అని మా నాయన నెత్తిన ఒకటి ఇచ్చేవాడు. ఆ దెబ్బ కూడా తాళంలోనే పడేది.

ఆయన విసుగెత్తి, ఆ ఎండాకాలం నన్ను హిందూపురంలో మా అవ్వ ఇంటికి పంపించినాడు. అవ్వ పక్కింట్లో బ్యాండు తాత ఉండేవాడు. పెళ్లిళ్లకు వాయించే బ్యాండు సెట్టు ఆయనది, క్లారినెట్టు వాయించేది ఆయనే. ఆయన సొంతూరు కర్ణాటక సరిహద్దుకు అవతల, ఇంటి మాట కన్నడం. తీరిగ్గా ఉన్నప్పుడు మాతో తెలుగు మాట్లాడేవాడు, చేతిలోకి వాయిద్యం వస్తే మాత్రం కన్నడంలోకి దిగిపోయేవాడు. హిందూపురం పిల్లలకు అదొక లెక్క కాదు. వాళ్లు దుడ్లు కన్నడంలో అడుక్కుని తెలుగులో ఖర్చు పెట్టే రకం. ధర్మవరం నుంచి వచ్చిన నాకు మాత్రం కన్నడమంటే బెంగళూరు రైల్లో శనక్కాయలమ్మే అరుపు, అంతకు మించి తెలియదు.

తాత దేన్నీ విడమరిచి చెప్పేవాడు కాదు. తాను వాయించేవాడు, ఆ వస్తువు నా చేతిలో పెట్టేవాడు. ముందు తాళాలు, తర్వాత డ్రమ్ము, మధ్యాహ్నాలు హార్మోనియం, చివర్లో ఆయన పాత క్లారినెట్టు. నేను పాట ఒకటి దారిలో పెట్టినానంటే, కళ్లు మూసుకుని తల ఊపి "సాకు" అనేవాడు. మా వైపు సాకడమంటే పెంచి పెద్ద చేయడం. బిడ్డను సాకుతారు, మేకపిల్లను సాకుతారు. ఓహో, పాటను కూడా సాకమంటున్నాడే, ఎంత గొప్ప మాట అనుకుని, ఆ పాటకు ఇంకా మేత వేసేవాణ్ణి. పైకి పోయి, కిందికొచ్చి, మళ్లీ మొదటి నుంచి. తాత నన్నొకసారి చూసి మంచినీళ్లు తాగడానికి లోపలికి లేచిపోయేవాడు. నా వాయిద్యానికి కరిగిపోయి కన్నీళ్లు దాచుకోవడానికి పోతున్నాడని నా నమ్మకం.

ఎండాకాలం అయిపోవస్తుండగా పెనుకొండలో ఒక పెళ్లి కుదిరింది. పిల్లది పెనుకొండ, పిల్లోడిది ధర్మవరం, బ్యాండు హిందూపురం నుంచి మాది. పెళ్లికొడుకు తరఫున మా నాయన వస్తాడు. వీడు పనికొస్తాడని బ్యాండు తాత అంటే నన్ను హిందూపురంలోనే ఉండనిస్తాడు, లేదంటే ఆ పెళ్లి బస్సులోనే నన్ను మగ్గానికి తిరిగి తోలుకుపోతాడు. అవ్వకు కబురు అలా వచ్చింది. మగ్గం చెడ్డదని కాదు. కానీ ఒకటే తాళంతో బతుకంతా అంటే నాకు గుండె దడదడమనింది, అదీ ఇంకో తాళంలో.

పెళ్లి రోజు నాకొక ఎర్రకోటు తొడిగినారు. పెద్దవాళ్లది. చేతులు లోపలే ఉండిపోయి, డ్రమ్మును నేను కాదు, కోటు వాయిస్తున్నట్టుండింది. తాళి కట్టే వరకు అంతా బాగానే జరిగింది. భోజనాల దగ్గర బ్యాండు తాత నిప్పట్టు, అదే గట్టి పప్పుచెక్క, ఒకటి కొరికినాడు. ముందు పన్ను కదిలిపోయింది. క్లారినెట్టు వాయించేవానికి పన్ను పోవడమంటే, బండికి ఇరుసు పోయినట్టే. అప్పగింతల వేళకు దవడ పట్టుకుని వచ్చి, క్లారినెట్టు నా చేతిలో పెట్టి, చిన్నగా వాయించమని సైగ చేసినాడు.

రాహుకాలం రాకముందే పెళ్లికూతురు బస్సెక్కాలి. నేను అప్పగింతల పాట ఎత్తుకున్నాను. ఎందుకో ఆ రోజు అది నిజంగానే బాగా పలికింది. బస్సు మెట్టు మీద కాలు పెట్టిన పిల్ల, కాలు దించి వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చింది. చూస్తున్న ఆడవాళ్లు కొంగులు తీసినారు. నా పక్కనే నిలబడిన తాత "సాకు" అన్నాడు. సాకినాను. "సాకు, సాకు!" అన్నాడు. రెండుసార్లు చెప్పినాడంటే ఎంత మెచ్చుకున్నాడో అని ఇంకా పైకెత్తినాను. పిల్లను ఇద్దరు కలిసి బస్సు వైపు నడిపించినారు. నా పాట విని మళ్లీ వెనక్కి పరిగెత్తి వచ్చింది. పెళ్లికొడుకు తండ్రి జనంలోంచి అరిచినాడు.

"ఏమప్పా, పిల్లను మాతో తోలిస్తారా, ఈడనే పెట్టుకుంటారా?"

అదీ పొగడ్తే అనుకున్నాను. చివరికి తాత తన తువ్వాలు తీసి క్లారినెట్టు మూతిలో కుక్కినాడు. పాట గుక్కపట్టి ఆగిపోయింది. పురోహితుడు గడియారం చూసుకుని అరుగు మీద కూలబడ్డాడు. "అయిపాయ, రాహుకాలం వచ్చేసె. ఇంక కదిలేది లేదు, అందరూ కూసోండి" అన్నాడు.

మా నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చినాడు. నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "మూట కట్టుకో, పోదాం" అన్నాడు. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

బ్యాండు తాత దవడ పట్టుకుని నా ముందుకు వచ్చినాడు. "సాకు సాకు అని అన్నిసార్లు అంటి కదా, యాకప్పా నిలపలేదు?"

"సాకమంటివి కదా తాతా," అన్నాను, ఏడుపు గొంతులో. "అందుకే సాకినా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా పురోహితునికి వెలిగింది. ఆయన హిందూపురం మనిషి. "ఓరి నీ పాసుగూల! కన్నడంలో సాకంటే చాలు అని రా!" అని పొట్ట పట్టుకున్నాడు. అక్కడి నుంచి నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. కళ్లు తుడుచుకుంటూనే పెళ్లికూతురు నవ్వింది. బ్యాండు తాత నవ్వుతూ "అయ్యో హల్లు, అయ్యో హల్లు" అని గంతులేసినాడు. బడిలో హల్లులంటే క ఖ గ ఘ అని చెప్పినారు. కన్నడంలో పన్ను అని ఆ రోజే తెలిసింది.

రాహుకాలం పోయేదాకా ఎవరికీ పని లేదు. పెళ్లికూతురిని వాళ్లమ్మ లోపలికి తీసుకుపోయి, మళ్లీ అన్నం కలిపి ముద్దలు పెట్టింది. మాకు గుమ్మంలోంచి కనిపిస్తా ఉండింది. బ్యాండు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ వైపు చూపించి, నొప్పికి ఆగి ఆగి మాట్లాడినాడు.

"మా మాటలో కూడా బిడ్డను పెంచేదాన్ని సాకేదనే అంటాము. చాలు అనేదీ సాకే. రెండూ ఒగటే మాట. ఆ తల్లిని చూడు. ఇన్నేండ్లు సాకింది. ఇప్పుడు సాకు అని చేయి వదలాల. వదిలేది కూడా సాకేదాంట్లోదే. పాట కూడా అంతేనప్పా."

నాకు అప్పుడు అంతా అర్థమైందని చెప్పను. ముద్దలు పెడుతున్న ఆ చేయి మాత్రం నాకు బాగా కనబడింది.

రాహుకాలం పోయింది. తాత మళ్లీ క్లారినెట్టు నాకే ఇచ్చినాడు. ఈసారి ఏమీ చెప్పననీ, ఎక్కడ ఆపాలో నన్నే చూసుకోమనీ అన్నాడు. మా నాయన బస్సు వెనక చక్రం దగ్గర, నా మూట చంకన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను ఈసారి జనాన్ని చూడలేదు, పొగడ్త కోసం చెవి పెట్టలేదు. వాయిస్తూ ఆ అమ్మ చేతినే చూసినాను. ఆమె కూతురి మోచేయి పట్టుకుంది. మోచేయి నుంచి మణికట్టుకు, మణికట్టు నుంచి వేళ్లకు జారింది. వేళ్లు విడిపోతుండగా నేను ఊపిరి ఆపినాను. పాటలో ఇంకా ఒక వరస మిగిలే ఉంది. దాన్ని వాయించలేదు. బస్సు తలుపు పడిన చప్పుడు అందరికీ వినబడింది.

తాత నావైపు చూడలేదు. ఆయనకు మంచినీళ్ల అవసరం కూడా రాలేదు. మా నాయన వచ్చి నా మూట నా కాళ్ల దగ్గర దించి, తాతతో "అయితే నువ్వే సాకప్పా వీన్ని" అని ఒక్క మాట అని, తలుపు తెరిపించుకుని బస్సెక్కినాడు. ఏ సాకని తాత అడగలేదు.

ఆ తర్వాత చాలా పెళ్లిళ్లు వాయించినాను, చాలా పాటలు కట్టినాను. వియ్యపురాళ్ల మీద కట్టినవి ఇంకా ఆడవాళ్లు పాడుతున్నారు, తిడుతున్నారు. ఏ పాట కట్టినా, చివరికొచ్చేసరికి ఆ వేళ్లు విడిపోవడం కనిపిస్తుంది. అక్కడ చేయి వదిలేస్తాను. మిగిలిన వరస వినేవాళ్లు తీసుకుపోతారు. నాకు నాలుగు వాయిద్యాలు వచ్చని జనం అంటారు గానీ, నేను నేర్చుకున్నది ఈ ఒక్కటే.

ఇదంతా రాసి మా మనవరాలికి చదివి వినిపించినాను. అయిపోయిన తర్వాత, ఆ పిల్ల కట్టే పాటల్లో ఎక్కడెక్కడ ఆపితే బాగుంటుందో కూడా చెప్పడం మొదలుపెట్టినాను. ఒకటో పాట అయింది, రెండోది అయింది, మూడోదాంట్లో సగానికి వచ్చినాను. ఆ పిల్ల గిటారు తీగ బిగించుకుంటూ, తల కూడా ఎత్తకుండా అనింది:

"సాకు తాతా. బిడ్డను సాకేది కాదు, ఆ రెండోది."